లాయర్ ఎం.సి. మెహతా, మన నీళ్లు, మన గాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. వీలైనప్పుడల్లా లా కాలేజీ పిల్లలకు పర్యావరణ చట్టం మీద క్లాసు చెబుతాను. క్లాసులో పిల్లలు అడిగేవీ, ఆఫీసుకు వచ్చే ఊళ్లవాళ్లు అడిగేవీ ఇంచుమించు ఒకే ప్రశ్నలు. వాటిలో సగం ఎం.సి. మెహతా చుట్టూ తిరుగుతాయి, మిగతా సగం "మరి మా ఊళ్లో సంగతేంటి?" అని. ఆయన పేరు చాలామంది విన్నారు, ఆయన ఏళ్ల తరబడి చేసిన పని ఎలాంటిదో తెలిసినవాళ్లు తక్కువ. అందుకని ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మనిషి, మొదలు

అసలు ఎం.సి. మెహతా ఎవరు? జడ్జా, లాయరా?

లాయరే. పూర్తి పేరు మహేశ్ చంద్ర మెహతా. 1946లో జమ్మూకశ్మీర్‌లోని రాజౌరీ జిల్లా ధాంగ్రీ అనే పల్లెలో పుట్టారు. జమ్మూలో లా చదివి, అక్కడే ప్రాక్టీసు మొదలుపెట్టి, 1983లో సుప్రీంకోర్టులో వాదించాలని ఢిల్లీ వచ్చారు. "ఎం.సి. మెహతా వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా" అన్న పేరు పదేపదే కనబడటంతో పిల్లలు చాలామంది అదంతా ఒకే కేసు అనుకుంటారు. తాజ్‌మహల్, గంగ, ఢిల్లీ గాలి, విషవాయువు, బడిలో పర్యావరణ పాఠం, ఇవన్నీ వేర్వేరు రిట్ పిటిషన్లు, అంటే హక్కుల కోసం నేరుగా హైకోర్టులోనో సుప్రీంకోర్టులోనో వేసే అర్జీలు. పరీక్షలో రాసేటప్పుడు ఏ విషయం, ఏ ఏడాది అన్నది కూడా రాయండి, లేకపోతే మార్కులు పోతాయి.

ఆయన పర్యావరణం కేసుల్లోకి ఎలా వచ్చారు?

1984లో మొదటిసారి తాజ్‌మహల్ చూడటానికి వెళ్లారు. తెల్లగా ఉండాల్సిన పాలరాయి పసుపు తిరిగి, అక్కడక్కడా గుంటలు పడి ఉంది. ఆగ్రా చుట్టుపక్కల ఇనుప ఫౌండ్రీలు, ఫిరోజాబాద్ గాజు కొలుములు, మధుర రిఫైనరీ వదిలే పొగలో గంధకం ఉంటుంది. అది గాలిలోని తేమతో కలిస్తే ఆమ్లం అవుతుంది. పాలరాయి అంటే సున్నపురాయి జాతిదే కాబట్టి ఆ ఆమ్లానికి మెల్లగా తినుకుపోతుంది. చూసి బాధపడి ఇంటికి వచ్చేసేవాళ్లే ఎక్కువ. ఆయన ఆ ఏడాదే సుప్రీంకోర్టులో రిట్ వేశారు. అదే ఆయన మొదటి పర్యావరణ కేసు.

ఆయనకు తాజ్‌తో సంబంధం లేదు, గంగ ఒడ్డున ఇల్లు లేదు. కేసు వేసే హక్కు ఎక్కడిది?

మామూలుగా నష్టపోయినవాడే కోర్టుకు రావాలి. కానీ నష్టపోయినవాళ్లు పేదలో, చెల్లాచెదురుగా ఉన్నవాళ్లో అయితే వాళ్ల తరఫున వేరేవాళ్లు రావచ్చని 1970ల చివర, 1980ల మొదట్లో జస్టిస్ పి.ఎన్. భగవతి, జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ లాంటి న్యాయమూర్తులు తలుపు తెరిచారు. దాన్నే ప్రజాప్రయోజన వ్యాజ్యం, వాడుకలో పిల్ అంటాం. రాజ్యాంగంలో 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు, 226 కింద హైకోర్టుకు వెళ్లొచ్చు. 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో మంచి గాలి, మంచి నీళ్లు కూడా ఉన్నాయని కోర్టులు చెప్పాయి. 1976లో 42వ సవరణతో చేరిన 51ఏ(జి) అయితే పర్యావరణాన్ని కాపాడటం ప్రతి పౌరుడి బాధ్యత అంటుంది. కాబట్టి "నీకేం సంబంధం?" అని ఎవరైనా అడిగితే ఆ ఒక్క అధికరణం చూపిస్తే చాలు.

## పెద్ద కేసులు

తాజ్‌మహల్ కేసులో కోర్టు చివరికి ఏం చెప్పింది?

రిట్ వేసింది 1984లో, తీర్పు వచ్చింది 1996 డిసెంబరు 30న. మధ్యలో పన్నెండేళ్లు. తాజ్ చుట్టూ సుమారు 10,400 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని తాజ్ ట్రెపీజియం జోన్ అంటారు. అందులో బొగ్గు, కోక్ కాలుస్తున్న 292 పరిశ్రమల్ని కోర్టు గుర్తించి, సహజవాయువుకు మారండి, కుదరకపోతే జోన్ బయటికి వెళ్లండి, అదీ కాకపోతే మూసేయండి అంది. ఊరికే ఆంక్షలు పెట్టి వదిలేయలేదు. గ్యాస్ పైపులైను ఎవరు వేయాలి, ఎప్పటిలోగా దరఖాస్తు చేసుకోవాలి, వెళ్లిపోయే యూనిట్లకు స్థలం ఎవరు చూపాలి అన్నవన్నీ తేదీలతో సహా రాసింది. డ్రాఫ్టింగ్ నేర్చుకునేవాళ్లు ఆ తీర్పు చివరి పేజీలు చదివి తీరాలి. ఆదేశం ఎంత విడమరిచి ఉంటే, దాని నుంచి తప్పించుకోవడం అంత కష్టం.

గంగానదికి మంటలంటుకున్నాయని అంటారు, నిజంగా జరిగిందా?

జరిగింది. హరిద్వార్ దగ్గర ఫ్యాక్టరీలు వదిలిన రసాయనాలు నీటి మీద తెట్టుగా కట్టి ఉండగా ఎవరో విసిరిన అగ్గిపుల్లకు అంటుకుని గంటల తరబడి మండింది. 1985లో మెహతా రిట్ వేశారు. అందులో మొదటి పెద్ద తీర్పు 1987 సెప్టెంబరు 22న కాన్పూర్ దగ్గరి జాజ్‌మవ్ తోళ్ల పరిశ్రమల మీద వచ్చింది. శుద్ధి ప్లాంటు పెట్టే స్తోమత మాకు లేదని యజమానులు మొరపెట్టుకున్నారు. కనీస వేతనం ఇవ్వలేని పరిశ్రమకు నడిచే హక్కు ఎలా ఉండదో, కనీసం ప్రాథమిక శుద్ధి ప్లాంటు పెట్టలేని పరిశ్రమకూ అలాగే ఉండదని కోర్టు తేల్చింది. క్లాసులో నేను ఈ పోలిక చెప్పగానే పిల్లల ముఖాలు మారతాయి, ఒక్కసారికే అర్థమైపోతుంది.

1988 జనవరిలో రెండో తీర్పు, ఈసారి మున్సిపాలిటీల మీద. మురుగు కాలవలు, పశువుల దొడ్లు, నదిలో వదిలే శవాలు, అన్నిటి మీదా ఆదేశాలిచ్చింది. అందులోనే మరో మాట ఉంది: మొదటి పది తరగతుల పిల్లలకు వారానికి కనీసం ఒక గంట పర్యావరణం గురించి చెప్పాలని.

ఓలియం గ్యాస్ కేసు గురించి ప్రతి పుస్తకంలో ఉంటుంది. ఎందుకంత ముఖ్యం?

ఢిల్లీ నడిబొడ్డున శ్రీరామ్ ఫుడ్స్ అండ్ ఫెర్టిలైజర్స్ అనే ఫ్యాక్టరీ ఉండేది. ఇళ్ల మధ్య ఇంత ప్రమాదకరమైన ఫ్యాక్టరీ వద్దని మెహతా వేసిన రిట్ కోర్టులో పెండింగ్‌లో ఉండగానే, 1985 డిసెంబరు 4న అక్కడి నుంచి ఓలియం, అంటే విషపు పొగలు కక్కే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, లీకైంది. భోపాల్ జరిగి సరిగ్గా ఏడాది. తీస్ హజారీ కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక లాయరు ఆ గ్యాస్‌కు చనిపోయారు.

అప్పటిదాకా ఇలాంటి కేసులకు ఇంగ్లండులో 1868లో వచ్చిన రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ తీర్పే గతి. అందులో మినహాయింపులు బోలెడు: దైవఘటన అనొచ్చు, బయటివాడెవడో చేశాడు అనొచ్చు. 1986 డిసెంబరు 20న జస్టిస్ భగవతి నేతృత్వంలోని ధర్మాసనం ఆ మినహాయింపులన్నీ పక్కన పెట్టేసింది. ప్రమాదకర పదార్థంతో లాభం చేసుకునేవాడు, దానివల్ల జరిగిన నష్టానికి ఏ సాకూ చెప్పకుండా పూర్తి బాధ్యత వహించాలి. పరిహారం కూడా కంపెనీ స్తోమతను బట్టి ఉండాలి, పెద్ద కంపెనీ అయితే పెద్ద మొత్తం. దీన్నే సంపూర్ణ బాధ్యత సూత్రం అంటాం. నా లెక్కలో ఆయన కేసులన్నిటిలో జనానికి ఎక్కువగా పనికొచ్చే మాట ఇదే. చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు కంపెనీ తప్పు రుజువు చేయడానికి తిరగాల్సిన పని లేదు.

ఢిల్లీ బస్సులు సీఎన్జీకి మారింది ఆయన వల్లేనా?

ఆయన 1985లో వేసిన రిట్‌లోనే ఆ ఆదేశాలు వచ్చాయి. సీసం లేని పెట్రోలు, కొత్త కార్లకు పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్లు, చివరికి 1998 జులై 28న బస్సులన్నీ 2001 మార్చి 31లోగా సీఎన్జీకి మారాలన్న ఆదేశం. గడువు వచ్చేసరికి బస్సులు చాలక జనం నానా అవస్థలు పడ్డారు. గ్యాస్ బంకుల దగ్గర వాహనాలు గంటల తరబడి బారులు తీరాయి. ప్రభుత్వం గడువు మీద గడువు అడుగుతూనే ఉంది. 2002 ఏప్రిల్ 5న కోర్టు ఇక ఊరుకోకుండా, డీజిల్‌తో నడిచే ఒక్కో బస్సుకు మొదటి 30 రోజులు రోజుకు 500, ఆ తర్వాత రోజుకు 1,000 రూపాయల జరిమానా పెట్టింది. అప్పుడు కదిలింది వ్యవహారం.

నది, చెరువు ప్రభుత్వానివే కదా, వాళ్లకు నచ్చినవాళ్లకు ఇచ్చుకోవచ్చు కదా?

ఇచ్చుకోకూడదు. హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున ఒక మోటెల్ కోసం అటవీ భూమిని లీజుకిచ్చారు, మోటెల్ వాళ్లు నది ప్రవాహాన్నే పక్కకు మళ్లించే పనులు చేశారు. పత్రికలో వచ్చిన వార్తతో ఇది కోర్టుకెక్కింది. 1996 డిసెంబరు 13 నాటి "ఎం.సి. మెహతా వర్సెస్ కమల్‌నాథ్" తీర్పులో కోర్టు ఆ లీజు రద్దు చేసింది. నదులు, అడవులు, తీరాలు ప్రజలవి, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అని చెప్పింది. గుడి మాన్యానికి ధర్మకర్త ఉన్నట్టు అనుకోండి. చూసుకోవాలే గానీ అమ్ముకోకూడదు.

ఇదే సూత్రం 2006లో తిరుపతికీ వచ్చింది. అవిలాల చెరువు, పేరూరు చెరువు భూముల్ని ఇళ్ల కోసం కేటాయిస్తే ఇంటలెక్చువల్స్ ఫోరం అనే స్థానిక సంస్థ సుప్రీంకోర్టు దాకా పోరాడింది. ఇక కొత్త నిర్మాణాలు వద్దని, కట్టేసిన ఇళ్ల మీద పడే వాననీటిని ఇంకించాలని కోర్టు ఆదేశించింది. కట్టేసిన ఇళ్లను మాత్రం తొలగించలేదు. చెరువు కేసులో ఆలస్యంగా వెళ్తే ఎంత పోతుందో ఆ తీర్పు చూస్తే తెలుస్తుంది.

డిగ్రీలో పర్యావరణం పేపర్ అందరికీ ఎందుకు పెట్టారు?

కోర్టు చెప్పింది కాబట్టి. మెహతా వేసిన మరో రిట్‌లో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు బడుల్లో, కాలేజీల్లో పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చేయమంది. సినిమా హాళ్లలో స్లైడ్లు, రేడియోలో, టీవీలో కార్యక్రమాలు వేయమంది. అమలు నత్తనడకన సాగుతుంటే ఆయన మళ్లీ మళ్లీ కోర్టు దృష్టికి తెచ్చారు. దాంతో 2003 ప్రాంతంలో యూజీసీ ఆరు నెలల కోర్సు తెచ్చింది, బీకాం చదివినా బీఎస్సీ చదివినా ఆ పేపర్ రాయాల్సి వచ్చింది. గైడు కొని ముందు రోజు రాత్రి బట్టీపట్టి పాసైనవాళ్లే ఎక్కువ, నిజమే. అయినా ఆ పేపర్ వల్లే ఈ రంగంలోకి వచ్చినవాళ్లు నా విద్యార్థుల్లోనే ఇద్దరున్నారు.

## తీర్పు వచ్చాక

తీర్పు వచ్చాక కేసు అయిపోయినట్టే కదా? ఒక్కో కేసు 30 ఏళ్లు ఎందుకు నడుస్తుంది?

భూమి తగాదాలో డిక్రీ వస్తే ఎవరిది ఏ గట్టో తేలిపోతుంది. కాలుష్యం కేసులో తీర్పు రోజున ఫ్యాక్టరీ పొగ ఆగిపోదు. అందుకే కోర్టు కేసు మూసేయకుండా వాయిదాలు వేస్తూ, ప్రతి వాయిదాకీ ఏం చేశారో అఫిడవిట్ వేయమంటుంది. అధికారుల్ని వాళ్ల పని చేయమనే ఆదేశం మాండమస్, అది ఇలా సాగుతూ ఉంటే నిరంతర మాండమస్ అంటాం. ఒక దశలో మెహతా కేసుల కోసమే శుక్రవారాలు కేటాయించేవారు.

ఈ పని బయటికి కనబడదు. అధికారులు వేసిన అఫిడవిట్‌లో "పనులు పురోగతిలో ఉన్నాయి" అని ఉంటుంది. అవతలి లాయరు అది చదివి, ప్లాంటు కట్టారా, కట్టినదానికి కరెంటు ఉందా, కరెంటు ఉన్నా మోటారు ఆన్ చేస్తున్నారా అని ఒక్కొక్కటే నిలదీయాలి. ఒక్క వాయిదా వదిలేస్తే ఆర్నెల్లు వెనక్కి పోతుంది. మెహతా జీవితంలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే: కేసు గెలిచాక కూడా ఆ కట్ట కట్టేసి బీరువాలో పెట్టకపోవడం.

గంగ ఇంకా మురికిగానే ఉంది. మరి ఆయన సాధించిందేంటి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను నేను తప్పుపట్టను. గంగ కేసు 2017 జనవరిలో, పర్యావరణ కేసుల కోసమే పెట్టిన హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లేదాకా సుప్రీంకోర్టులో నడిచింది, నది ఇంకా బాగుపడలేదు. తాజ్ కేసులో ఫలితం కొంత కనబడి, గంగలో అంత కనబడకపోవడానికి నాకు తోచిన కారణం ఇది. తాజ్ దగ్గర 292 చిమ్నీలు, లెక్కపెట్టొచ్చు, ఎవరిదేదో తెలుసు, లేఖ రాయొచ్చు, మూయించొచ్చు. గంగలో కలిసేదాంట్లో ఎక్కువ భాగం ఊళ్ల మురుగు. ఊరిని మూసేయలేం. మున్సిపాలిటీకి డబ్బు, ఇంజనీర్లు, పట్టుదల ఉండాలి, కోర్టు ఆదేశం ఒక్కటే సరిపోదు.

తాజ్ కథ కూడా సుఖాంతం కాలేదు. మురికిపట్టిన యమునలో పెరిగిన పురుగులు గోడల మీద ఆకుపచ్చ మరకలు చేస్తున్నాయి. 2018 జులైలో సుప్రీంకోర్టు విసిగిపోయి, బాగుచేయండి లేదా మూసేయండి అన్నంత మాట అంది. అయితే ఆ కేసులే లేకపోతే ఆగ్రా చుట్టూ ఈరోజుకీ బొగ్గు కొలుములే మండుతుండేవి.

ఫ్యాక్టరీలు మూయిస్తే కూలివాళ్ల గతేంటి? లాయర్లకు అది పట్టదా?

పట్టాలి. తాజ్ తీర్పులో కార్మికుల గురించి విడిగా రాశారు: యూనిట్ వేరేచోటికి వెళ్తే ఉద్యోగం కొనసాగాలి, మారేందుకు ఏడాది జీతం బోనసుగా ఇవ్వాలి, మూసేస్తే చట్టప్రకారం వచ్చే పరిహారం మీద అదనంగా ఆరేళ్ల జీతం ఇవ్వాలి. కాగితం మీద చాలా గొప్ప ఆదేశం. కానీ మస్టర్‌లో పేరు లేని దినకూలీకి ఆ జీతం ఎవరు లెక్కగడతారు? ఢిల్లీలో ఫ్యాక్టరీల తరలింపు అప్పుడు వేలమంది పనివాళ్లు వీధిన పడ్డారన్న విమర్శ బలమైనదే. పర్యావరణం కేసు వేసేవాళ్లు పిటిషన్ రాసేటప్పుడే కూలీల విషయం ప్రార్థనలో, అంటే కోర్టును ఏం కోరుతున్నామో రాసే భాగంలో, చేర్చాలని నేను పిల్లలకు గట్టిగా చెబుతాను.

ఇన్ని కేసులకు ఆయనకు ఫీజు ఎవరిచ్చారు? అవార్డులేమైనా వచ్చాయా?

పిల్‌లో క్లయింటు ఉండడు కాబట్టి ఫీజూ ఉండదు. తమిళనాడు తోళ్ల పరిశ్రమల మీద వెల్లూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం వేసిన కేసును ఆయన వాదించారు. 1996లో తీర్పిస్తూ కోర్టు ఆయన శ్రమను మెచ్చుకుని, ఖర్చుల కింద 50,000 రూపాయలు ఇవ్వాలని తమిళనాడు ప్రభుత్వాన్ని ఆదేశించింది. అంత పెద్ద కేసుకు అదీ మొత్తం. 1996లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం, 1997లో రామన్ మెగసెసె, 2016లో పద్మశ్రీ వచ్చాయి.

## మన రాష్ట్రాల్లో

మెహతా పనికి మన తెలుగు నేలతో సంబంధం ఉందా?

ఉంది, రొయ్యల చెరువుల ద్వారా. 1990ల్లో నెల్లూరు తీరంలో, పక్కన తమిళనాడులో వరి పొలాలు వరసగా ఉప్పునీటి చెరువులైపోయాయి. పక్క పొలాలు చౌడుబారాయి, తాగే బావులు ఉప్పెక్కాయి. తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకు వెళ్తే ఆయన తరఫున మెహతా వాదించారు. 1996 డిసెంబరు 11న కోర్టు తీర నియంత్రణ మండలంలోని, అంటే సముద్రం ఒడ్డున ఆంక్షలుండే ప్రాంతంలోని, రొయ్యల చెరువుల్ని తీసేయమంది, పులికాట్ సరస్సుకు 1,000 మీటర్ల లోపు పెట్టొద్దంది. సంప్రదాయ పద్ధతిలో చేసేవాళ్లను మినహాయించింది.

తర్వాత ఏం జరిగిందో కూడా తెలుసుకోవాలి. 2005లో పార్లమెంటు తీర ప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, ఆ తీర్పు బలాన్ని చాలావరకు తగ్గించింది. కోర్టులో గెలిచింది చట్టసభలో పోవచ్చు.

హిమాయత్‌సాగర్ కేసు ఏంటి? పాత కేసు కదా, ఇప్పుడెందుకు చదవాలి?

హైదరాబాద్ తాగునీటి చెరువులైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలు రాకూడదని 1996 మార్చిలో జీవో 111 వచ్చింది. ఆ పరిధిలో ఒక నూనె ఫ్యాక్టరీ అనుమతి అడిగింది. 1999 జనవరి 27న సుప్రీంకోర్టులో మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఎం. జగన్నాథరావు ఇచ్చిన తీర్పు, పర్యావరణ చట్టం చదివే ప్రతివాళ్లూ చదవాల్సింది. నీళ్లు పాడవుతాయని జనం రుజువు చేయనక్కర్లేదు, పాడవవని ఫ్యాక్టరీయే రుజువు చేయాలి అన్నది దాని సారం. జడ్జీల పక్కన శాస్త్రవేత్తలు కూర్చునే కోర్టు కావాలని కూడా గట్టిగా చెప్పింది. 2010లో వచ్చిన హరిత ట్రైబ్యునల్ అచ్చం అలాంటిదే. జీవో 111 ఆంక్షల్ని ప్రభుత్వం 2022లో జీవో 69తో సడలించింది కాబట్టి ఆ తీర్పు ఇప్పుడే ఎక్కువ అవసరం.

వైజాగ్ గ్యాస్ లీక్‌లో సంపూర్ణ బాధ్యత సూత్రం వాడారా?

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ లీకైంది. 12 మంది చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరిగెడుతూ రోడ్డు మీద పడిపోయిన దృశ్యాలు మనందరం చూశాం. హరిత ట్రైబ్యునల్ తనంతట తానే కేసు తీసుకుని మరుసటి రోజే 50 కోట్లు డిపాజిట్ చేయమంది. ఆ ఆదేశంలో మాత్రం రైలాండ్స్ తీర్పులోని పాత ఇంగ్లీషు సూత్రం, మినహాయింపులుండే కఠిన బాధ్యత మాట వాడింది. 1986లోనే మన సుప్రీంకోర్టు అంతకంటే బలమైన సూత్రం ఇచ్చాక మళ్లీ పాత మాట ఎందుకని లాయర్లు చాలామంది అడిగారు, నేనూ అదే అడుగుతాను.

## మీ ఊళ్లో సమస్య ఉంటే

మా బోరు నీళ్లు రంగు మారాయి. సీసాలో పట్టుకొస్తే కోర్టులో చూపించొచ్చా?

ఒక పెద్దాయన ఇలాగే వచ్చారు. సంచిలోంచి కూల్‌డ్రింక్ సీసా తీసి నా టేబుల్ మీద పెట్టారు. నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి, మూత తీస్తే గదంతా నెయిల్‌పాలిష్ వాసన. "ఇంతకన్నా రుజువేం కావాలయ్యా?" అన్నారు. ఆ సీసా కోర్టులో చెల్లదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఫ్యాక్టరీ వదిలే నీటిపై ప్రాసిక్యూషన్‌కు పనికొచ్చే నమూనా ఎలా తీయాలో 1974 నీటి చట్టం సెక్షన్ 21లో ఉంది. కాలుష్య నియంత్రణ మండలి అధికారి తీయాలి, ఫ్యాక్టరీవాళ్లకు అక్కడే నోటీసు ఇవ్వాలి, నమూనాను రెండు భాగాలు చేసి సీలు వేసి ఇద్దరూ సంతకాలు చేయాలి, ల్యాబ్‌కు పంపాలి. అలాగని మీ సీసా వృథా కాదు. మంచి ల్యాబ్‌లో పరీక్ష చేయించి ఆ రిపోర్టు జతచేసి మండలికి ఫిర్యాదు ఇవ్వండి, రసీదు తీసుకోండి. హైకోర్టుకో ట్రైబ్యునల్‌కో వెళ్లినప్పుడు ఆ రిపోర్టు చూపించి, అధికారులతో తనిఖీ చేయించమని అడగొచ్చు. ఆ పెద్దాయన విషయంలో అలాగే చేశాం. తనిఖీకి ఏడు నెలలు పట్టింది.

కేసు వేసే ముందు ఏ కాగితాలు సంపాదించాలి?

ముందు ఆ ఫ్యాక్టరీ సీఎఫ్‌ఈ, సీఎఫ్‌వో. మొదటిది కట్టుకోవడానికి, రెండోది నడుపుకోవడానికి మండలి ఇచ్చే అనుమతి. రోజుకు ఎంత నీరు వదలొచ్చు, ఏ కొలతల్లో ఉండాలి అన్నీ సీఎఫ్‌వోలో ఉంటాయి. సగం కేసులు ఆ షరతులు చదివితేనే తేలిపోతాయి. పెద్ద ప్రాజెక్టయితే పర్యావరణ అనుమతి, ప్రజాభిప్రాయ సేకరణ మినిట్స్ కూడా తీసుకోండి. ఇవి దొరక్కపోతే సమాచార హక్కు కింద అడగండి. మన దగ్గర గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10.

ఎక్కడ వేయాలి, ఎంత ఖర్చవుతుంది, లాయరు తప్పనిసరా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ చెన్నైలోని హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచి కిందికి వస్తాయి. పరిహారం అడగని దరఖాస్తుకు ఫీజు 1,000 రూపాయలు. పరిహారం అడిగితే ఆ మొత్తంలో ఒక శాతం. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు. సొంతంగా వాదించుకోవచ్చు. గడువు మాత్రం మరచిపోవద్దు: మామూలు దరఖాస్తుకు సమస్య మొదలైన నాటి నుంచి ఆర్నెల్లు, పరిహారానికి ఐదేళ్లు, ఎవరికైనా ఇచ్చిన అనుమతిని సవాలు చేయాలంటే 30 రోజులు. కారణం చూపిస్తే వీటి మీద మరో 60 రోజులు ఇవ్వొచ్చు. "ఇంకొంచెం చూద్దాం" అంటూ గడువు దాటించుకుని వచ్చేవాళ్లే నా దగ్గరికి ఎక్కువ.

ఊళ్లో చెత్తకుప్ప, మురుగు కాలువ లాంటివాటికి చెన్నై దాకా పోనక్కర్లేదు. పాత సీఆర్‌పీసీ సెక్షన్ 133, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 152 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు, అంటే మీ ఆర్డీవోకే దరఖాస్తు ఇవ్వొచ్చు. 1980లో, మురుగు కాలవలు బాగుచేయని మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ మెడలు వంచింది ఆ సెక్షనే.

పిల్ వేస్తే మన మీదే జరిమానా వేస్తారంటున్నారు, నిజమా?

సొంత పగతోనో, పోటీ వ్యాపారి పురమాయింపుతోనో వేశారని తేలితే వేస్తారు. నిజాయితీగా, కాగితాలు చూపించి, దాపరికం లేకుండా వేస్తే భయం లేదు. ఫ్యాక్టరీతో మీకు పాత తగాదా ఉంటే అదీ అఫిడవిట్‌లో రాసేయండి. దాచిపెట్టి దొరికిపోవడం కంటే అదే మేలు.

మేం ఎవరం, మా మాట ఎవరు వింటారు? వార్త వస్తే కోర్టు తనంతట తాను తీసుకుంటుందా?

కొన్నిసార్లు తీసుకుంటుంది. 2025 ఏప్రిల్ 3న కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు వార్తలు చూసే ఆపించింది. హరిత ట్రైబ్యునల్‌కూ సుమోటో అధికారం ఉందని 2021లో తేలింది. కానీ అన్ని ఊళ్లూ హైదరాబాద్ కాదు, అన్ని చెరువులకూ కెమెరాలు రావు. మీ ఊరికి మీరే వెళ్లాలి.

## ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లకు

మా అమ్మాయి పర్యావరణం లాయర్ అవుతానంటోంది. ఏం చదివించాలి?

లా కోర్సు ఇంటర్ తర్వాత ఐదేళ్లది, డిగ్రీ తర్వాత మూడేళ్లది. రెండు రాష్ట్రాల్లోనూ లాసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష క్లాట్ రాస్తే హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం లాంటివి. ఎక్కడ చదివినా పర్యావరణ చట్టం సబ్జెక్టు ఉంటుంది. కాలేజీ పేరు కంటే, చదువుతుండగా ఒక మంచి సీనియర్ దగ్గర కట్టలు మోయడం ఎక్కువ ఉపయోగం.

సైన్స్ రాకపోతే కష్టమా?

నీటిలో కాలుష్యం కొలిచే బీఓడీ, సీఓడీ, టీడీఎస్ అంటే ఏంటో, ల్యాబ్ రిపోర్టు ఎలా చదవాలో నేర్చుకుంటే చాలు. నేను ఆర్ట్స్ చదివాను. ఒక కెమిస్ట్రీ లెక్చరర్‌తో సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్నాను. అవతలి నిపుణుడు అంకెలతో కంగారుపెట్టబోయినప్పుడు ఆ సాయంత్రాలే ఆదుకున్నాయి.

వీటితో ఇల్లు గడుస్తుందా?

వీటితోనే అయితే గడవదు. ముందే చెప్పేస్తాను, తర్వాత నిరాశపడకుండా. నేను చెక్‌బౌన్స్‌లు, పార్టిషన్ సూట్లు, మోటారు ప్రమాదాల కేసులు చేస్తాను. అవి నన్నూ నా గుమాస్తానూ పోషిస్తాయి. వారంలో ఒక రోజు, శనివారం మధ్యాహ్నం నుంచి, నీళ్ల కేసులకే. ఆ రోజు వేరే క్లయింటు ఎవరు వచ్చినా సోమవారం రమ్మంటాను.

ఇంకా చదువుకుంటున్నాను, లాయర్‌ను కాలేదు. ఇప్పటి నుంచే ఏం చేయొచ్చు?

మీ ఊరి చెరువో వాగో ఒకటి ఎంచుకోండి. ప్రతి నెలా ఒకే చోట నిలబడి ఫోటో తీయండి, తేదీతో. రెవెన్యూ ఆఫీసులో దాని సర్వే నంబరు, విస్తీర్ణం ఎంతో అడిగి రాసుకోండి. నీరు ఎక్కడి నుంచి వస్తుందో, ఎక్కడికి పోతుందో ఒకసారి గట్టు వెంట నడిచి గీసుకోండి. చేపలు పట్టేవాళ్లను, చాకిరేవు దగ్గరి పెద్దవాళ్లను అడిగి ముందెలా ఉండేదో వాళ్ల మాటల్లోనే రాయండి. ఒక లాంగ్‌సైజు నోటుబుక్ సరిపోతుంది. ఎప్పుడైనా కేసు వేయాల్సి వస్తే, అఫిడవిట్ రాసే లాయరు మొదట అడిగేది ఆ నోటుబుక్కే.